మొక్కల తొట్టి పెట్టిన మొదటి ఆరు నెలలు

చేపల కోసం పెట్టిన అక్వేరియం తొట్టిలో నీళ్లు నింపిన తొమ్మిదో రోజు పొద్దున చూస్తే క్రిప్టోకోరైన్ మొక్కలు మూడింటికి మూడూ కూలబడిపోయి ఉన్నాయి. ముందురోజు దాకా నిగనిగలాడిన గోధుమరంగు ఆకులు తడిసిన కాగితంలా జారిపోయాయి. వేలితో తాకితే చాలు, కాడ దగ్గర ఊడి చేతికొచ్చేస్తున్నాయి. నేను చేసిన మొదటి పని మూడింటినీ పట్టకారుతో లాగి చెత్తబుట్టలో పడేయడం. రెండో పని సాయంత్రం మా బావకి ఫోన్ చేయడం. ఈ రెండు పనులూ అటుదిటు చేసి ఉంటే నా మొక్కలు నాకు దక్కేవి.

"లాగేశావా?" అన్నాడు బావ.

"చచ్చిపోయాయి కదా బావా, నీళ్లు పాడవుతాయని తీసేశా."

"చచ్చింది ఆకులు. మొక్క కాదు. వేర్లు ఎలా ఉన్నాయి?"

వేర్లు నేను చూడలేదు. చూద్దామంటే అప్పటికే చెత్త ఇల్లు దాటి వెళ్లిపోయింది. లాగేటప్పుడు తెల్లగా, గట్టిగా ఏదో మట్టిని పట్టుకుని ఒక పట్టాన రాకపోవడం మాత్రం గుర్తుంది. చచ్చిన మొక్క అంత గట్టిగా పట్టుకోదన్న ఆలోచన ఆ క్షణంలో రాలేదు.

అసలు నాకు కావలసింది చేపలు. మొక్కలు బావ పెట్టిన షరతు. ఆయన ఏళ్ల తరబడి తొట్లు పెంచుతున్న మనిషి. "ఉత్త నీళ్లలో చేపల్ని పెడితే వాటి మలమూత్రాల లెక్క రోజూ నువ్వే చూసుకోవాలి. మొక్కలుంటే అందులో సగం అవి చూసుకుంటాయి" అన్నాడు. చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియా వాటికి విషం, మొక్కలకి ఎరువు. నీటి మొక్కలు చాలావరకు నైట్రేట్ కంటే అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజనినే ముందు తీసుకుంటాయి. ఆ ఒక్క మాటకి నేను ఒప్పేసుకున్నాను. మొక్కలు తేలిక, చేపలే కష్టం అనుకున్నాను కూడా. ఆ తర్వాతి ఆరు నెలల్లో నేను చేసిన తప్పులు ఇంచుమించు అన్నీ మొక్కల విషయంలోనే.

తొట్టి కొలతలు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. లెక్కకి దాదాపు 65 లీటర్లు. మట్టీ రాళ్లూ దుంగా పోగా నిజంగా పట్టిన నీళ్లు 50 లీటర్ల చిల్లర. చిన్నది కొంటే పని తక్కువ అనుకుంటాం గానీ చిన్న తొట్టే మొండిది. ఇరవై లీటర్లలో ఒక ఆకు కుళ్లినా, చిటికెడు మేత ఎక్కువ పడినా నీళ్లు ఒక్క రోజులో తేడా చేస్తాయి. ఎక్కువ నీళ్లు మన తప్పుల్ని పలచబరుస్తాయి. లీటరు నీళ్లు కిలో కాబట్టి గాజూ మట్టీ కలిపితే తొట్టి 80 కిలోల దరిదాపులకి చేరుతుంది. పుస్తకాల అర మీద పెడదామన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. దిట్టమైన బల్ల, దాని మీద పలచటి ఫోమ్ షీటు, రసమట్టంతో నాలుగు వైపులా సరిచూడటం. నింపాక ఒక మూల దిగినట్టు తెలిస్తే మళ్లీ అంతా తోడుకోవడమే.

ఇక మట్టి. దీని గురించి చెప్పకుండా దాటేద్దామనుకున్నా, పరువు తక్కువ కాబట్టి. ఇసుక, గులకరాళ్లు తొట్టిలో వేసేముందు నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలని ఎక్కడ చూసినా ఉంటుంది. నేను కొన్నది గులకరాళ్లు కాదు, ఆక్వాసాయిల్. పోషకాలున్న బంకమట్టిని చిన్నచిన్న గుళికలుగా చేసి కాల్చిన సరుకు అది. దాన్ని బకెట్లో పోసి చేత్తో పిసికి పిసికి కడిగాను. నీళ్లు నల్లగా వచ్చాయి. ఇంకా కడిగాను. ఇంకా నల్లగా వచ్చాయి. అయిదోసారికి బకెట్ అడుగున గుళికలు సగమే ఉన్నాయి, మిగతాదంతా బురద. ఆ సరుకు ఉతకడానికి కాదు. సంచి విప్పి నేరుగా పరిచేయడమే. తొమ్మిదేసి లీటర్ల సంచులు రెండు తెచ్చుకోబట్టి సరిపోయింది. ముందు 4 సెంటీమీటర్లు, వెనక 8 వచ్చేలా వాలుగా పరిచాను. అలా వాలు ఇస్తే తొట్టి లోతుగా కనిపిస్తుంది, వెనక పెద్ద మొక్కలకి వేళ్లూనే చోటు దొరుకుతుంది.

రాళ్ల మీద వెనిగర్ చుక్కలు వేసి చూశాను. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు, నీటి కఠినత్వం పెంచుతుంది. రెండు రాళ్లు పొంగాయి, పక్కన పెట్టేశాను. దుంగని రెండు వారాలు నానబెట్టమన్నాడు బావ. నాలుగు రోజులు నానబెట్టి చాలనుకున్నాను. దాని మీద అనూబియాస్ మొక్కలు రెండు దారంతో కట్టి, ఒక మూల జావా ఫెర్న్ కట్టి, ముచ్చటగా అమర్చి, మట్టి చెదరకుండా ఒక పళ్లెం పెట్టి దాని మీదుగా మెల్లగా నీళ్లు పోశాను. నీళ్లు సగానికి వచ్చేసరికి నా దుంగ, మొక్కలతో సహా, తెప్పలా లేచి తేలింది. పోతూ పోతూ ముందు వరసలో నాటిన రొటాలా అనే మొక్క కాడలన్నిటినీ పెకిలించుకుపోయింది. దాన్ని రెండు బండరాళ్ల కింద నొక్కిపెట్టాను. మూడు వారాలకి గానీ సొంతంగా మునగలేదు. ఈలోపు దాని ఒంటి మీద తెల్లటి జిగురు బూజు పట్టింది. అది కొత్త చెక్కకి పట్టే బూజే, కొన్నాళ్లకి పోతుంది. నీళ్లు తేనీటి రంగుకి తిరిగాయి. అది చెక్కలోని టానిన్, చేపలకి హాని లేదు.

ముందు వరసలో ఒక చోట బోసిగా అనిపించింది. అక్కడ మూడో అనూబియాస్‌ని తెచ్చి, మామూలు మొక్కని నాటినట్టే, కాడ దాకా మట్టిలో పూడ్చి నాటాను. దీని సంగతి తర్వాత.

నీళ్ల మీద ఒక మాట. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రాత్రి బకెట్లో ఉంచితే ఎగిరిపోతుందని పాత చిట్కా. క్లోరిన్ వరకు నిజమే. కానీ నీటి శుద్ధిలో చాలాచోట్ల క్లోరమైన్ వాడతారు, అది అంత తేలిగ్గా పోదు. అందుకే చేపల నీళ్లకి అమ్మే విరుగుడు మందు చుక్కలు వేయడమే మేలు. ఫిల్టరు, లైటు గురించి నేను పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. స్పాంజి ఉన్న మామూలు ఫిల్టరు ఒకటి, ఎల్‌ఈడీ లైటు ఒకటి, దానికి టైమరు. నా దృష్టిలో వీటన్నిటిలో డబ్బు పెట్టదగ్గ వస్తువు ఆ టైమరే. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు జోలికి వెళ్లలేదు. నేను ఎంచుకున్న మొక్కలు అది లేకపోయినా బతికేవే, నెమ్మదిగా పెరుగుతాయంతే.

నీళ్లు నింపాక చేపల్ని వేయకుండా ఆరు వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. ఇంట్లోవాళ్లకి ఇది చెప్పడం ఒక పరీక్ష. "చేపలేవి?" అని పిల్లలు రోజూ అడిగేవారు. కంటికి కనిపించని బాక్టీరియాని పెంచుతున్నానని చెబితే నమ్మినట్టే తల ఊపేవారు.

జరిగేది ఇది. అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తం ప్రాణవాయువుని మోయలేకుండా చేస్తుంది. దాన్ని ఇంకో రకం బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చాలా మేరకు నిరపాయం, మిగిలినది మొక్కలు తింటాయి. ఈ బాక్టీరియా నీళ్లలో ఈదుతూ ఉండదు. ఫిల్టరు స్పాంజికీ, రాళ్లకీ, మట్టికీ అంటిపెట్టుకుని బతుకుతుంది. నెమ్మదిగా పెరిగే జాతి. నైట్రైట్ పని నైట్రోబాక్టర్ చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. అక్వేరియం ఫిల్టర్లలో ఆ పని చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. రెండు మెట్లూ ఒక్కటే ఎక్కేసే నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో బయటపడింది. నా తొట్టిలో ఏది ఉందో గానీ, తొందర మాత్రం దానికి లేదు.

మామూలుగా అమ్మోనియా బయటి నుంచి చుక్కలుగా వేయాలి. ఆక్వాసాయిల్‌కి ఆ పని లేదు, కొత్తలో అదే వదులుతుంది. మూడో రోజు టెస్ట్ కిట్‌తో చూస్తే గాజు గొట్టంలో నీళ్లు ముదురు ఆకుపచ్చకి తిరిగాయి, అమ్మోనియా 4 పీపీఎం, అంటే పది లక్షల్లో నాలుగు వంతులు. కంగారుపడ్డాను. అయితే ఆ మట్టే నీటి పీహెచ్‌ని, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతని, కూడా దించుతుంది. పీహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు, మిగతాదంతా అమ్మోనియం. పీహెచ్ 8కి చేరితే ఆ విషం వాటా నూటికి అయిదు వంతులు దాటుతుంది. ఒకే అంకె రెండు తొట్లలో రెండు అర్థాలిస్తుందన్నమాట. మొదటి వారం రోజు మార్చి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు మూడో వంతు నీళ్లు మార్చాను.

రెండో వారం చివర అమ్మోనియా తగ్గడం మొదలైంది. నైట్రైట్ గొట్టం ఊదారంగుకి మారింది. అంతా పుస్తకంలో రాసినట్టే ఉంది, ఒక్క నైట్రేట్ తప్ప. ఎన్నిసార్లు చూసినా సున్నా. పది రోజులు అదే సున్నా. బాక్టీరియా పుట్టలేదేమోనని కొత్త మందు కొనబోతుంటే కిట్‌లోని కాగితం మళ్లీ చదివాను. నైట్రేట్ సీసాల్లో రెండోదాన్ని అర నిమిషం గట్టిగా కుదపాలట. అందులోని మందు అడుగున గడ్డకడుతుంది. నేను దాన్ని కళ్లలో చుక్కలు వేసినంత సుతారంగా వాడుతున్నాను. ఆ పూట చెయ్యి నొప్పెట్టేలా కుదిపి వేస్తే గొట్టం ఎర్రబారింది. నైట్రేట్ ఎప్పటినుంచో ఉంది. ఇలాంటి పది రోజుల దిగులుకి మందు ఎక్కడా అమ్మరు.

మూడో వారం నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబారాయి. నీళ్లలో తేలే వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చే మసక అది. నేను ఏమీ చేయలేదు. అయిదు రోజుల్లో తేటపడింది. ఏమీ చేయకుండా ఊరుకుని బాగుపడిన మొదటి సంగతి ఇదే కాబట్టి రాస్తున్నాను.

మళ్లీ మొక్కల దగ్గరికి. ఆకులు ఎందుకు కుళ్లాయో బావ చెప్పింది విన్నాక నేను మొక్కల్ని చూసే తీరే మారిపోయింది. అక్వేరియం మొక్కల్లో చాలావాటిని నర్సరీల్లో గాలిలోనే పెంచుతారు. వేర్లు తడిలో, ఆకులు బయట. అలా అయితే వేగంగా పెరుగుతాయి, పాకుడు పట్టదు. గాలిలో పుట్టిన ఆకుకి ఎండిపోకుండా పైన మైనపు పూత ఉంటుంది, గాలి పీల్చే రంధ్రాలు ఉంటాయి. దాన్ని తెచ్చి నీళ్లలో ముంచితే ఆ పూతా పనికిరాదు, ఆ రంధ్రాలూ పనికిరావు. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కదలిక గాలిలో కంటే ఇంచుమించు పదివేల రెట్లు నెమ్మది. అందుకని మొక్క పాత ఆకుల్ని వదులుకుంటుంది, వాటిలోని సారాన్ని వీలైనంత వెనక్కి లాక్కుంటుంది, పలచటి కొత్త ఆకుల్ని నీళ్లకి తగ్గట్టు పుట్టిస్తుంది. ఇందులో క్రిప్టోకోరైన్‌ది మరీ నాటకం. చోటు మారినా, నీళ్లు మారినా, ఉన్న ఆకులన్నీ ఒకేసారి వదిలేస్తుంది. నేను చూసింది దాని చావు కాదు, బట్టలు మార్చుకోవడం.

ఆ మార్పు కళ్లారా చూసింది రొటాలా మీద. దాని పూర్తి పేరు రొటాలా రొటుండిఫోలియా, అంటే గుండ్రటి ఆకులది అని. నేను కొన్నప్పుడు నిజంగానే చిన్న చిన్న గుండ్రటి ఆకులు. నాలుగో వారంలో కొసన వచ్చిన కొత్త ఆకులు సన్నగా, పొడుగ్గా, కాస్త ఎర్రజీరతో ఉన్నాయి. షాపువాడు రెండు మొక్కలు కలిపి ఇచ్చాడేమోనని అనుమానపడ్డాను. ఒకే కాడ, కింద గుండ్రం, పైన సన్నం. గాలిలో పెరిగిన రూపాన్ని చూసి పెట్టిన పేరు అది; నీళ్లలో దానికి ఆ పేరు నప్పదు. కింది గుండ్రటి ఆకులు ఒక్కొక్కటీ రాలిపోయాయి. అప్పుడు పైభాగం కత్తిరించి మళ్లీ నాటాను, మోడు పారేశాను. కణుపు కణుపుకీ వేళ్లు దిగి రెండు వారాల్లో నిలదొక్కుకుంది.

అప్పటినుంచి పొద్దున లేవగానే కొసలే చూస్తున్నాను. ముసలి ఆకు ఎంత చిరిగినా పట్టించుకోను.

ఈ చూపు ఎరువుల విషయంలోనూ పనికొచ్చింది. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం లాంటివి మొక్క లోపల కదిలే పోషకాలు. తక్కువైతే పాత ఆకుల నుంచి తీసి కొత్త ఆకులకి పంపుతుంది, కాబట్టి లోటు ముందు పాత ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం అలా కదలవు. వాటి లోటు చిగుళ్లలో కనిపిస్తుంది. హైగ్రోఫిలా అనే మొక్క పాత ఆకుల మీద గుండుసూది గుచ్చినట్టు చిల్లులు పడి అంచులు పసుపెక్కాయి. ముందు నత్తలు తిన్నాయనుకున్నాను. పొటాషియం ఉన్న ద్రవ ఎరువు వారానికి రెండుసార్లు వేయడం మొదలుపెట్టాక కొత్తగా వచ్చినవి చిల్లులు లేకుండా వచ్చాయి. పాత చిల్లులు పూడలేదు, పూడవు కూడా.

తెలిసీ తెలియని వైద్యం ఇంకో రెండు చోట్ల చేశాను. జావా ఫెర్న్ ఆకుల అడుగున వరసగా నల్లటి చుక్కలు వచ్చాయి. తెగులు అనుకుని ఆ ఆకులు నాలుగు కత్తిరించేశాను. అవి ఫెర్న్ సిద్ధబీజాల గుత్తులు. ముదురు ఆకుల మీద పిల్ల మొక్కలు కూడా పుడతాయి. నేను కోసిన నాలుగో ఆకు కొసన అప్పటికే చిన్న వేళ్ల కుచ్చు ఉంది. రెండోది, మొక్కలు వేగంగా పెరుగుతాయని ఎవరో చెబితే 'ద్రవ కార్బన్' అనే మందు కొన్నాను. అందులో ఉండేది గ్లూటరాల్డిహైడ్. పాకుడుని చంపుతుంది, నిజమే. కానీ వాలిస్నేరియా దాన్ని ఓర్చుకోలేదు. వెనక వరసలో రిబ్బన్లలా ఊగుతున్న వాలిస్నేరియా వారంలో కరిగి సగమైంది. మందు మానేశాను. మిగిలిన మొక్క పక్కలకి పిలకలు వేసి, రెండు నెలల్లో వెనక గోడంతా తానే ఆక్రమించింది.

ఇక పూడ్చిన అనూబియాస్. దుంగ మీద కట్టినవి రెండూ నెలకో ఆకు చొప్పున నిదానంగా వేస్తూ ఉన్నాయి. మట్టిలో నాటినది మాత్రం ఆకులు పచ్చగానే ఉన్నా ఒక్కొక్కటీ కాడ దగ్గర విడిపోయి తేలుతోంది. తవ్వి చూస్తే మధ్య దుంప మెత్తబడి కుళ్లు వాసన. అనూబియాస్‌కి, జావా ఫెర్న్‌కి అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది. దాన్ని మట్టిలో కప్పితే కుళ్లుతుంది. వేర్లు మట్టిలోకి పోవచ్చు గానీ ఆ కాండం పైనే ఉండాలి. ఈసారి చెత్తబుట్ట దగ్గరికి వెళ్లలేదు. కుళ్లినంత మేరా కోసేసి, గట్టిగా ఉన్న రెండంగుళాల ముక్కని రాయికి జిగురుతో అంటించాను. ఆకుల్లేని ఉత్త ముక్క. నెలన్నర అలాగే ఉంది. తర్వాత పక్క నుంచి బియ్యపుగింజంత మొగ్గ.

పాకుడు గురించి చెప్పకపోతే ఎవరూ నమ్మరు. లైటు మొదట్లో రోజుకి పది గంటలు వేశాను, మొక్కలకి మేలు చేస్తున్నాననుకుని. మూడో వారానికి గాజు మీద, ఆకుల మీద, రాళ్ల మీద గోధుమరంగు దుమ్ము పూత. డయాటమ్‌లు అనే ఒక రకం పాకుడు, కొత్త తొట్లకి వచ్చి తమంతట తామే పోయేవి. వాటి వెనకే ఆకుపచ్చ దారాలు దిగాయి, అవి తమంతట తాము పోయేవి కావు. లైటుని ఆరు గంటలకి తగ్గించాను. పళ్లు తోమే పాత బ్రష్‌కి దారాల్ని నూలు కండెలా చుట్టి లాగేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. మొక్కలు బాగా అందుకున్నాక, అంటే మూడో నెలలో, దారాలు వాటంతట అవే సన్నగిల్లాయి. వెలుతురు పెంచితే మొక్క పెరుగుతుందన్నది నిజమే, కానీ తిండి అందని మొక్క దాన్ని వాడుకోలేదు. వాడుకోని వెలుతురంతా పాకుడు వాటా.

నత్తలు మొక్కలతో పాటే వచ్చాయి, టిక్కెట్టు లేకుండా. ఆకు అడుగున జిగురు బొట్టులా ఉన్నవి గుడ్లని తెలియలేదు. చంపే మందు వేద్దామనుకున్నాను. అలాంటి మందులు చాలావాటిలో రాగి ఉంటుంది, తర్వాత రొయ్యల్ని పెడదామంటే అది వాటికి ప్రాణాంతకం. వెతుకుతుంటే ఒక పాత ముచ్చట దొరికింది. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, దాదాపు యాభై అరవై లీటర్ల పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లనీ ఒక వాలిస్నేరియా మొక్కనీ పెట్టి, చేపకీ మొక్కకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నడుస్తుందో కెమికల్ సొసైటీకి వివరించాడు. ఆయన తొట్టిలోనూ ముసలి ఆకులు కుళ్లి నీళ్లు పాడయ్యాయి. ఆయన చేసిన పని చెరువు నత్తల్ని తెచ్చి వేయడం. కుళ్లినదాన్ని నత్తలు తిన్నాయి, నీళ్లు తేటపడ్డాయి. నేను తీసేద్దామనుకున్నదాన్ని ఆయన వెతికి తెచ్చుకున్నాడు. నత్తలు ఉండిపోయాయి. మేత తగ్గిస్తే వాటి సంఖ్య తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. నా చేతి దుబారాకి అవి కొలబద్ద.

ఆరో వారం వరసగా నాలుగు రోజులు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 40 దాకా ఉంటే సగానికి పైగా నీళ్లు మార్చి దించాను. మర్నాడు ఆరు హార్లెక్విన్ రాస్బోరాలు వచ్చాయి. సంచిని అరగంట తొట్టిలో తేలేసి, తర్వాత పది నిమిషాలకోసారి గ్లాసెడు తొట్టి నీళ్లు సంచిలో కలుపుతూ, చివరికి వలతో చేపల్ని మాత్రమే తీసి వదిలాను. షాపు నీళ్లు తొట్టిలో పోయలేదు. మొదటి రోజంతా వాలిస్నేరియా వెనక దాక్కున్నాయి. పిల్లలు "ఆరు ఉన్నాయన్నావు, ఏవీ?" అన్నారు.

మూడో రోజుకి అయిదే ఉన్నాయి. ఆరోది బల్ల వెనక నేల మీద ఎండిపోయి కనిపించింది. మూతలో ఫిల్టరు గొట్టం కోసం వదిలిన సందు రెండు వేళ్ల వెడల్పు. చేపకి అది చాలు. ఆ సందుకి ప్లాస్టిక్ జాలీ కత్తిరించి అతికించడానికి పట్టింది అయిదు నిమిషాలు. ముందే చేయవలసిన అయిదు నిమిషాలు.

ఏడో వారంలో ఫిల్టరు ధార సన్నబడింది. స్పాంజి తీసి కొళాయి కింద పెట్టబోతుంటే బావ మాట గుర్తొచ్చింది: "ఆరు వారాలు పెంచినదంతా ఆ స్పాంజిలోనే ఉంది బామ్మర్దీ, కొళాయి కింద పెట్టావంటే మళ్లీ మొదటికొస్తావు." తొట్టిలోంచి తోడిన బకెట్ నీళ్లలో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేశాను. నల్లటి నీళ్లు మేడ మీద కుండీలకి పోశాను.

మూడో నెలలో ఇంకో అయిదు రాస్బోరాలు, నాలుగో నెలలో పది ఎర్ర చెర్రీ రొయ్యలు. రొయ్యలు వచ్చిన వారం తర్వాత అనూబియాస్ ఆకుల మీద మిగిలిన పాకుడు కూడా లేదు. నీళ్లు మార్చిన సాయంత్రం హైగ్రోఫిలా ఆకుల అంచుల నుంచి ముత్యాల్లా బుడగలు వరసకట్టి లేస్తాయి. నీళ్లు ఇంక ప్రాణవాయువుని కలుపుకోలేనప్పుడు అది బుడగలై బయటపడుతుంది. మా ఇంట్లో టీవీ పెట్టని సాయంత్రాలు కొన్ని అవే.

అయిదో నెల చివర దుంగ వెనక మట్టి మీద గోధుమరంగులో ఏదో కనిపించింది. కుళ్లిన ఆకేమోనని పట్టకారు లోపలికి పెట్టాను. పట్టుకుంటే రాలేదు. వంగి టార్చి వేసి చూస్తే, చిటికెన వేలి గోరంత ఆకు, దాని పక్కన చుట్టచుట్టుకున్న ఇంకోటి. తొమ్మిదో రోజు నేను క్రిప్టోకోరైన్‌ని లాగిన చోటే అది. లాగినప్పుడు తెగిన వేరు ముక్క లోపలే ఉండిపోయినట్టుంది.

బావకి వీడియో కాల్ చేసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"మిగతా రెండు చోట్లా చూశావా?"

చూశాను. ఒక చోట ఏమీ లేదు. ఇంకో చోట, గాజుకి ఆనుకుని, మట్టి లోపల తెల్లటి మొన ఒకటి పైకి తిరిగి ఉంది. అక్కడ వాలిస్నేరియా పిలక ఒకటి ఇప్పటికే చోటు చేసుకుంది. పిలకని తీసి పక్కకి నాటాను.